మీ ఊరేది?



దూరదేశము పోయి వచ్చినవానిని ఊరివారు ఊరకే విడువరు. 2024 డిసెంబరు నెలలో నేను దుబాయి పట్టణమున ఉద్యోగము చేయుచున్న మా అబ్బాయి యొద్దకు పోయి, రెండు నెలలుండి కొల్లూరు తిరిగి వచ్చితిని. ఆనాటి నుండి గుడి మెట్లమీద గాని, తెనాలి బస్సులో గాని కనబడినవారెల్ల నన్నడుగునది ఒక్కటే: “మాస్టారూ, ఆ పెద్ద మేడ చూశారా?” చూచితిని. 828 మీటర్ల యెత్తు గల బుర్జ్ ఖలీఫాను మెడ నొప్పి పుట్టువరకు చూచితిని. దానిని గూర్చి నేను చెప్పగలది అంతే. ఆ మేడల నీడలో కాపురముండు మనవారి నోట వినిన మాటలు మాత్రము నన్ను విడువకున్నవి. వాటినే మీతో చెప్పుకొనవలెనని కూర్చుంటిని.

ముందుగా నా తప్పు ఒప్పుకొందును. నేను ఊరు చూచు వేడుకతో పోలేదు. నా భార్య 2021లో ప్రభువునందు నిద్రించినది. అబ్బాయి పంపిన డబ్బుతో కట్టించిన మేడగదులకు తాళము వేసియున్నది. రెండేండ్లలో తిరిగి వచ్చెదనని వాని నోట మాట తీసికొని, మనుమని తెనాలిలో బడికి వేయవలెనని నా ఆలోచన. అందుకు సాక్ష్యము కావలెను గదా! అందుచేత కనబడిన ప్రతి తెలుగువానిని, “ఈ పట్నం నడిబొడ్డున బ్రతుకు ఎలా ఉంది?” అని అడుగుచుంటిని. ముప్పది యేండ్లు బడిపంతులు పని చేసినవానికి ప్రశ్న వేయుట అలవాటే గనుక ఎవరును అనుమానింపలేదు. వారు బాగులేదని చెప్పవలెనని నా లోపలి కోరిక.

ఆ పట్టణము సంగతి నాలుగు మాటలు చెప్పెదను. ఎడారి అంచున సముద్రపు పాయ యొకటి లోపలికి చొచ్చుకొని వచ్చినది. దానిని మనవారు క్రీక్ అందురు. ఒక దరి దేరా, రెండవ దరి బర్ దుబాయి. ముత్యములు ఏరువారు, చేపలు పట్టువారు, మన బొంబాయితో వర్తకము చేయువారు ఆ దరుల వెంబడి కాపురముండిరి. 1960 ప్రాంతమున జనము సుమారు 40 వేలు. 1966లో చమురు బయల్పడినది. ఆ యేటి వరకు అక్కడ చెల్లిన నాణెము మన రూపాయియే. 1959 నుండి గల్ఫు దేశముల కొరకు మన రిజర్వు బ్యాంకు ప్రత్యేకముగా రూపాయి నోట్లు ముద్రించి యిచ్చెను. 2024 చివరకు జనము 38 లక్షలు దాటినది. వారిలో సుమారు పదింట తొమ్మిదిమంది పరదేశులే. నది లేదు, చెరువు లేదు. త్రాగు నీరు దాదాపు అంతయు సముద్రపు నీటి నుండి ఉప్పు తీసి చేసినదే. కృష్ణ గట్టున పుట్టి, వేసవిలో కాలువ కట్టివేసిన దినములలో గొణుగుకొను నేను అక్కడ కుళాయి త్రిప్పినప్పుడెల్ల సిగ్గుపడితిని.

ఆ ఊరికి నడిబొడ్డులు రెండు. పెద్ద మేడ చుట్టు వెలసిన క్రొత్త పేట పేరే డౌన్‌టౌన్. అయితే ముందు వచ్చి స్థిరపడినవారిని అడిగినయెడల, క్రీకు దాపున నున్న దేరా, బర్ దుబాయి, కరామాలనే చూపి “ఊరంటే ఇదీ” అందురు. మా అబ్బాయి కాపురము కరామాలో.

ఆ వీధి మూలన పచారీ కొట్టు పెట్టుకొనిన మలయాళీ పెద్దాయన 1978లో వచ్చినవాడు. అతడు హిందీలో చెప్పిన మాట యిది: “నేను వచ్చిన మరుసటి ఏడు ట్రేడ్ సెంటరు మేడ తెరిచారు, 39 అంతస్తులు. చుట్టూ ఇసుకే. ఊరికి అంత దూరాన ఎవడుంటాడని నవ్వుకున్నాం. ఇప్పుడు మేడల మధ్యన దాన్ని వెదుక్కోవాలి.” మరి ఇప్పటి ఊరు బాగున్నదా అని అడిగితిని. “అప్పుడు కొట్టుకు వచ్చేవాళ్ల పేర్లన్నీ తెలుసు. ఇప్పుడు ఫోనులో గది నంబరు చెబుతారు, సరుకు పంపిస్తాను,” అనెను. నాకు మొదటి సాక్షి దొరికెనని సంతోషించితిని.

రేపల్లె ప్రాంతపు నర్సమ్మ యొకతె అదే మేడలో, మరి ముగ్గురితో కలిసి ఒక గది అద్దెకు తీసికొని యుండెను. అక్కడ ఇల్లు అద్దెకు తీసికొనలేని వారు మంచమంత చోటు అద్దెకు తీసికొందురు. దానిని బెడ్ స్పేస్ అందురు. ఆమె చెప్పినది: “రాత్రి పన్నెండింటికి డ్యూటీ దిగి ఒక్కదాన్నే నడిచి వస్తాను మాస్టారూ. మన వైపు అలా రాగలనా, మీరే చెప్పండి.” నేను చెప్పలేకపోతిని. కొంత సేపటికి ఆమెయే మరల, “అయితే పదేళ్లయింది, ఎదుటి గదిలో ఎవరున్నారో తెలియదు. వాళ్ల చెప్పులు మాత్రం గుర్తుపడతాను,” అని నవ్వెను. ఆ మాటలో మొదటి సగము విడిచి రెండవ సగము జ్ఞాపకముంచుకొంటిని.

జగిత్యాల వాడైన టాక్సీ డ్రైవరు మమ్మును ఆ క్రొత్త పేటకు తీసికొనిపోయెను. “దినాం పదిసార్లు ఈడికి వస్త సార్. ఒక్కనాడు దిగి చూడలే. బండి ఆపితె ఫైను. వచ్చినోళ్లు ఫోటోలు దిగుతుంటె అద్దంలకెల్లి చూస్త. నాకైతె దేరానే మంచిగుంటది. ఆడ నిలబడి చాయ్ తాగుతుంటె నలుగురు పలకరిస్తరు,” అనెను.

నిజామాబాదు జిల్లా నుండి వచ్చిన ఒక మేస్త్రీ మాట వినినపుడు నా సాక్ష్యముల సంచి బరువైనది. అతడు ఊరి వెలుపల సోనాపూర్ అని పిలువబడు పనివారల బసలో నుండును. ఆ పేరునకు బంగారు ఊరని అర్థము. అక్కడ జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12:30 నుండి 3 గంటల దాక ఎండలో పని చేయింపకూడదని నియమము గలదు. దానిని బట్టి ఆ యెండ యెట్టిదో మీరే యోచించుకొనుడు. సెలవు దినమున ఏమి చేయుదువని అడిగితిని. “బస్సెక్కి వచ్చి నేను పని చేసిన బిల్డింగు కింద నిలబడి చూస్త. దాని పన్నెండో అంతస్తుకు సెంట్రింగు కట్టింది మేమే. రాత్రి ఆ కిటికీలల్ల లైట్లు వెలిగితె మంచిగనిపిస్తది. లోపలికైతె వాచ్‌మన్ రానియ్యడు,” అనెను. అతని మాటలో కోపము లేదు. కోపమంతయు నాకే వచ్చినది.

ఇక గుడి సంగతి. ఊద్ మేథా అను పేటలో, అప్పటి పాలకుడైన షేక్ రాషిద్ ఇచ్చిన స్థలమున హోలీ ట్రినిటీ చర్చి యున్నది. ఆ ఆవరణలోని గదులలో అనేక భాషల సంఘములు వంతుల వారీగా ఆరాధించుచుండును. 2021 వరకు అక్కడ వారపు సెలవు శుక్రవారము గనుక ఆ దినముననే ఆరాధన వాడుకయైనది. 2022 జనవరి నుండి శని, ఆదివారములు సెలవులైనను శుక్రవారపు కూడికలు మానలేదు. మొదటి వారము నేను దారి తప్పి వేరొక గదిలోనికి పోయితిని. పాట సాగుచున్నది, ఒక్క ముక్క తెలియదు. వెనుదిరుగబోవుచుండగా ఫిలిప్పీను దేశపు తల్లి యొకతె జరిగి నాకు చోటిచ్చి, నేను చదువలేని పుస్తకమును నా చేతిలో పెట్టెను. ప్రార్థన ముగిసిన తరువాత నా చేయి పట్టుకొని, గది గది వెదకి, తెలుగువారి తలుపు వరకు దింపి పోయెను. ఆమె పేరైనను నేనడుగలేదు.

ఆ ఆవరణలోనే రాజోలు దగ్గరి స్త్రీ యొకతె కనబడెను. ఒక యింట వంటపని. “నాకు ఊరంటే ఈ గుడి ఆవరణేనండి. వారానికి ఒక్క పూట వదుల్తారు. మిగతా ఊరంతా వంటగది కిటికీలోంచి చూత్తానండి. దీపాలు బాగుంటాయండి,” అని చెప్పెను.

చదువరులారా, వీరందరి మాటలలో నాకొక వింత కనబడినది. ఇరువది, ముప్పది యేండ్లున్నవారు సైతము ఆ పట్టణమును “ఇక్కడ” అందురే గాని “మా ఊరు” అనరు. “ఊరెప్పుడు వెళ్తున్నారు?” అని ఒకరినొకరు అడుగుకొందురు. ఊరనగా జగిత్యాల, ఊరనగా రాజోలు. దుబాయికి మాత్రము ఆ మాట లేదు. సామాన్యులైన వారికి ఆ దేశమున నివాసపు అనుమతి ఉద్యోగముతో ముడిపడియుండును. ఉద్యోగము పోయిన కొలది కాలములోనే ప్రయాణము కట్టవలెను. కనుక సత్రములో నున్నవాడు గోడకు మేకు కొట్టనట్లు, వారు ఆ ఊరికి మనస్సు కొట్టుకొనరు. దీనిని గమనించి, నా వాదము గెలిచెనని తలంచితిని.

ఒక సాయంకాలము మనుమని తీసికొని క్రీకు దాటుటకు పడవ ఎక్కితిమి. ఆ పడవను అబ్రా అందురు. కూలి మనిషికి ఒక్క దిర్హాము. అప్పటి లెక్కన 23 రూపాయలకు పైచిలుకు. బల్లమీద అందరు ఒకరినొకరు ఆనుకొని కూర్చుందురు. నీటి వాసన తగులగానే నాకు కృష్ణ దాటి లంకలకు పోవు మన పడవలు జ్ఞాపకమునకు వచ్చినవి. అరటి గెలలు, పసుపు బస్తాలు, కంద దుంపలు, గడ్డి మోపులు, మేక పిల్ల, నడుమ మనము. మా ప్రక్కనున్న పఠాను ముసలాయన పిల్లవాని గడ్డము పట్టుకొని, “మీ ఊరేది బాబూ?” అని హిందూస్తానీలో అడిగెను. ఆరేండ్ల వాడు తడుముకొనక, “కరామా,” అనెను.

నాకు గుండెలో ముల్లు గ్రుచ్చుకొన్నట్లయినది. “కాదురా, కొల్లూరు అని చెప్పు,” అంటిని. వాడు ఏమియు అనలేదు. దరి చేరిన తరువాత నా వ్రేలు పట్టుకొని నడచుచు, “తాతయ్యా, కొల్లూరులో నా ఫ్రెండు ఎవరు?” అని అడిగెను. నేను జవాబు చెప్పలేదు.

ఆ రాత్రి భోజనమైన పిమ్మట నా సాక్షులనందరిని అబ్బాయి ముందు నిలువబెట్టితిని. కొట్టువానికి పేర్లు తెలియవు, నర్సమ్మకు పొరుగువారు తెలియరు, మేస్త్రీకి తాను కట్టిన మేడలో ప్రవేశము లేదు. ఇట్టిచోట పిల్లవానిని పెంచుటయా అంటిని. అబ్బాయి నెమ్మదిగా వినెను. తరువాత చెప్పినది మీకు ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాను.

“అవన్నీ నిజమే నాన్నా. ఇంకొకటి కూడా నిజం. 2024 ఏప్రిల్ 16న ఇక్కడ ఎన్నడూ లేనంత వాన పడింది. ఎడారి ఊరు, ఆ నీళ్లు పోయే దారి లేదు. వీధులు చెరువులయ్యాయి. నేను ఆఫీసులో చిక్కుపడ్డాను. వీణ్ణి భుజం మీద ఎక్కించుకుని, మోకాలి లోతు నీళ్లలో నడిచి ఇంటికి చేర్చింది ఎదురింటి ఈజిప్టు ఆయన. అంతకు ముందు మేమూ ఒకరికొకరం చెప్పుల జతలమే. ఆ సెప్టెంబరులో మన కృష్ణకు వరద వచ్చింది గదా. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులని విని, మన లంకలు మునిగాయని విని, నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. ఆయన రోజూ తలుపు తట్టి, మీ నాన్నగారి ఊళ్లో నీళ్లు తగ్గాయా అని అడిగేవాడు. మీరొచ్చి నెల దాటింది. ఆయన పేరు అడిగారా?”

నేనడుగలేదు.

“ఈ దేశం వీణ్ణి తనవాడని కాగితం ఇవ్వదు నాన్నా. అది నాకు తెలుసు. మీరు కూడా ఇది నీ ఊరు కాదంటే, వాడు ఎక్కడ నిలబడాలి?”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యిర్మీయా గ్రంథము 29వ అధ్యాయము తీసితిని. బబులోనుకు చెరగొనిపోబడిన వారికి ప్రవక్త యెరూషలేము నుండి పంపిన పత్రిక అది. డెబ్బది యేండ్లకు దేవుడు వారిని తిరిగి రప్పించునన్న వాగ్దానము అందున్నది. ఊరు విడిచి పోయిన బిడ్డల తలిదండ్రులకు ఆ వాగ్దానమును నేను అనేక పర్యాయములు చదివి వినిపించితిని. కాని దానికి పైనున్న మాటలపై నా కన్ను ఏనాడును నిలువలేదు. ఇండ్లు కట్టుకొనుడనియు, తోటలు నాటుకొనుడనియు, పిల్లలను కని పెంచుడనియు, ఆ పరాయి పట్టణము యొక్క క్షేమము కొరకు ప్రార్థించుడనియు ఆ పత్రికలోనే యున్నది. తిరిగి రప్పించుట దేవుని పనిగాను, అంతవరకు ఆ ఊరికి మేలు కోరుట వారి పనిగాను పంచిపెట్టబడియుండగా, నేను దేవుని పని నెత్తికెత్తుకొని మా అబ్బాయి పనికి అడ్డుపడుచుంటిని.

తెల్లవారిన తరువాత ఎదురింటి తలుపు తట్టితిని. ఆయనకు తెలుగు రాదు, నాకు అరబ్బీ రాదు. ఆయన కాఫీ పోసెను. నేను కొల్లూరు నుండి తెచ్చిన అరిసెలు పెట్టితిని. పేరడిగి తెలిసికొంటిని. తిరుగు ప్రయాణమునకు ముందు మనుమనితో మరల అబ్రా ఎక్కితిని. ఈసారి ఎవరో అడుగగా, “వీడు ఈ ఊరివాడే, నేను చుట్టపు చూపుగా వచ్చాను,” అని నేనే చెప్పితిని. పిల్లవాడు నా ముఖము వంక చూచి నవ్వెను. అబ్బాయి యొద్ద మాట తీసికొనలేదు. వాడు వచ్చునో రాడో నాకు తెలియదు. మేడగదుల తాళము నేటికిని వేసియే యున్నది. అటు చూచినపుడెల్ల మనస్సు చివుక్కుమనుట మానలేదు.

ఇంటికి వచ్చిన తరువాత జరిగినది చెప్పి ముగించెదను. ప్రహరీ గోడ కొంత కూలినందున ఇటుకలు చెప్పుటకు మా ఊరి బట్టీ యొద్దకు పోయితిని. ఏటేట పంట కోతల తరువాత ఒడిశా వైపు నుండి కుటుంబములు వచ్చి, బట్టీల ప్రక్కన గుడిసెలు వేసికొని, తొలకరి దాక ఇటుక కోసి వెళ్లిపోవుట మీరెరుగుదురు. నేనును ఎరుగుదును. ఎన్నో యేండ్లుగా ఇటుకలు లెక్కపెట్టి తెచ్చుకొంటిని గాని మనుష్యులను లెక్కపెట్టలేదు. ఒక క్రిస్మసు దినమున ఆ గుడిసెల నుండి ఒక తల్లి ఇద్దరు బిడ్డలతో వచ్చి గుడి తలుపు దగ్గర నిలిచినది. సంఘ పెద్దనైన నేను భోజనపు పొట్లము ఆమె చేతికిచ్చి పంపివేసితిని, లోపలికి రమ్మనలేదు. ఊద్ మేథాలో నాకు జరిగి చోటిచ్చిన తల్లి జ్ఞాపకమునకు రాగా, బట్టీ ముందు నా కాళ్లు ఆగిపోయినవి.

ఏడెనిమిదేండ్ల పిల్లవాడొకడు పచ్చి ఇటుకలు ఆరబెట్టుచుండెను. “మీ ఊరేదిరా అబ్బాయ్?” అని అడిగితిని. వాడు చేతి మట్టి లాగుకు తుడుచుకొని, మంచి తెలుగులో, “కొల్లూరండి,” అనెను. వాని తల్లి సిగ్గుపడి, వచ్చీరాని తెలుగులో, “ఇక్కడే పుట్టినాడు బాబూ, ఆ గుడిసెలోనే,” అని చేయి చూపెను.

కాదు అను మాట నా నోట రాలేదు. ఇంటింటి పేరు నాకు తెలిసిన ఊరిలో, నాకు తెలియని కొల్లూరివాడు ఎదుట నిలిచియుండెను. పేరడిగితిని, చెప్పెను. ఆ సాయంకాలము మొదలు వాడును, మరి నలుగురు పిల్లలును పని దిగిన తరువాత మా అరుగు మీద ఓనమాలు దిద్దిరి. అది గొప్ప కార్యమని చెప్పుట లేదు. కొన్ని నెలల ముచ్చట. 2025 జూన్‌లో వానలకు ముందు ఆ కుటుంబములు వెళ్లిపోయినవి. సంక్రాంతి నాటికి మరల వచ్చెదమనిరి.

చదువరీ, మీ ఊరిలోను ఉందురు. బియ్యపు మిల్లు వెనుక, రొయ్యల చెరువు గట్టున, రైలు గేటు ప్రక్కన, మీ ఊరికే పనిచేయుచు మీ ఊరివారు కాని వారు. మీ బిడ్డలలో ఒకరు ఎక్కడనో అట్లే యుండవచ్చును. ఈ వారము వారిలో ఒకరి పేరు అడిగి తెలిసికొనుడు.

మా మనుమడు ఆదివారము సాయంకాలము ఫోను చేయును. ఒకనాడు వానితో, “కొల్లూరులో నీ ఫ్రెండు ఎవరని అడిగావు గదా, ఒకడు దొరికాడు,” అని చెప్పి, బట్టీ పిల్లవాని చేతికి ఫోను ఇచ్చితిని. ఇద్దరును చాలసేపు ఏమియు మాటలాడలేదు. చివరకు మా వాడే అడిగెను: “మీ ఊళ్లో పడవ ఉందా?”

“ఉంది. నువ్వొస్తే ఎక్కిస్తా,” అనెను వీడు.